జీపు ఆగిన గుమ్మం

పరుగు!

చీకటి పడుతున్న సందులో ఆమె పరిగెడుతోంది. మెడలో కొలతల టేపు ఎగురుతోంది. తీసి పారేసే టైం కూడా లేదు.

వెనక హెడ్‌లైట్లు.

ఎడమ సందు... మళ్లీ ఎడమ... ఎదురుగా గోడ!

జీపు ఆగింది. బూట్ల చప్పుడు.

"ఎందుకు పారిపోతున్నావక్కా? మేం పోలీసులం."

అందుకే పారిపోతోంది.

ఇన్‌స్పెక్టర్ చిన్నవాడు. ఈ ఏరియాకి వచ్చి నాలుగు రోజులు. జీపులో ఒక్కడే. రొప్పుతూనే మర్యాదగా అడుగుతున్నాడు. పాలాయన్ని ఎవరో పొడిచారు, ఆమె టైలరింగ్ షాపు ముందే కదా, పేరు చెబితే చాలట. మిగతాదంతా తను చూసుకుంటాడట.

చూసింది. మూడడుగుల దూరం నుంచి!

పొడిచినవాడు బొంగరం. ఈ వీధిని ఏలే పెద్దన్నకి కుడిభుజం. పొడిచాక ఆమె షాపులోంచే గుడ్డపీలిక లాక్కుని కత్తి తుడుచుకున్నాడు. "పాప బాగా చదువుతోందా, వదినా?" అని అడిగి మరీ వెళ్లాడు.

"నేనేం చూడలేదు సార్."

"భయపడకు. రేపు మీ ఇంటికొస్తా. తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఇంటికి!

పాలాయన ఇంటికీ ఇలాగే వెళ్లాడు, పాత ఇన్‌స్పెక్టర్. గుమ్మంలో ఐదు నిమిషాలు నిలబడ్డాడు. పాలల్లో నీళ్లు కలిపాడేమో గానీ, పాలాయన ఒక్క ముక్క బయటపెట్టలేదు. అయినా మూడో రోజుకి శవమయ్యాడు. ఈ వీధిలో ఎవరేం చెప్పారని ఎవరూ విచారించరు. జీపు ఎవరి గుమ్మం ముందు ఆగిందో... అంతే చూస్తారు.

అంతే చూస్తారు.

ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"సార్... చూసినతను వేరే ఉన్నాడు. మా వీధిలోనే, నీలం గేటు ఇల్లు. లోపలికెళ్లి కూర్చోండి. వచ్చేటప్పుడు భుజం తట్టండి. మెత్తబడతాడు. నా పేరు మాత్రం..."

"చెప్పను. ఒట్టు."

నీలం గేటు ఇల్లు బొంగరానిదే!

దొడ్డిదారిన షాపు చేరింది. షాపు వెనక గదిలోనే కాపురం. పాప గట్టిగా ఎక్కాలు చదువుతోంది. ఆమె తలుపు సందులోంచి చూస్తోంది.

నీలం గేటు ముందు జీపు. ఐదు నిమిషాలు... పది...

ఇన్‌స్పెక్టర్ నవ్వుతూ బయటికొచ్చాడు. బొంగరం భుజం తట్టాడు. చక్కగా, వీధంతా చూసేలా!

జీపు వెళ్లిపోయింది. బొంగరం గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. వాడికీ తెలుసు.

పెద్దన్న మేడ మీద లైటు వెలిగింది.

ఆమె మిషన్ ముందు కూర్చుంది. వెళ్లి వాణ్ని హెచ్చరించాలా? పాలాయన గుర్తొచ్చాడు. మిషన్ తొక్కింది. ఆపకుండా తొక్కింది.

ఢాం!

పాప ఎక్కాలు ఆగిపోయాయి.

మేడ మీద లైటు ఆరింది. ఆమె కళ్లు మూసుకుంది. అయిపోయింది... ఇక నిద్రపోవచ్చు.

ఇంజన్ చప్పుడు.

జీపు దూసుకొచ్చింది. నీలం గేటు దగ్గర ఆగి, మళ్లీ కదిలింది... ఇటే వస్తోంది...

వద్దు... వద్దు...

ఆగింది. సరిగ్గా ఆమె గుమ్మం ముందు!

ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ దూకాడు. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే అక్కా. అతనికి అంతా తెలుసు. అందుకే చంపేశారు. నీ పేరు ఎవరికీ చెప్పలేదు, ఒట్టు."

ఎదురింటి కిటికీ మూసుకుంది. పక్కింటిది. ఆ పక్కింటిది.

మేడ మీద లైటు మళ్లీ వెలిగింది.