ఐదుకి మూడు

"సత్యశ్రీ డబుల్ ఏజెంట్." ఇయర్‌పీస్‌లో చీఫ్ శ్రీరామ్మూర్తి గొంతు పొడిగా వినిపించింది. "మన సబ్‌మెరీన్ సోనార్ కోడ్ ఉన్న చిప్‌ని లిప్‌స్టిక్ ట్యూబులో దాచి, ఇప్పుడే ఫిషింగ్ హార్బర్ నుంచి తుపాకీ ఉన్న గార్డుతో స్పీడ్‌బోట్‌లో బయల్దేరింది. భీమిలి ఎదురుగా సముద్రంలో దారి గుర్తుగా తేలే ఎర్ర బోయా ఉంది. విదేశీ ముఠా డ్రోన్ అక్కడ నీళ్లలో కాచుకుని ఉంది. చిప్ దానికి చేరితే ఇక దొరకదు."

మంగమారిపేట ఒడ్డున చేపలు కొనే మనిషి వేషంలో ఉన్న ఏజెంట్ ఆశాజ్యోతి తట్ట కింద పడేసింది. "నేను వెళ్తున్నాను సార్."

"వద్దు. నేవీ బోటే అందుకోలేదు. నీకు దొరికేది చేపల బోటు. వాళ్లు ఐదు కిలోమీటర్లు వెళ్లేసరికి అది మూడే వెళ్తుంది. అబార్ట్, ఆగిపో."

"బోయాకి వాళ్లెంత దూరం?"

"ఇరవై ఐదు కిలోమీటర్లు."

"ఇక్కణ్ణుంచి పన్నెండు." ఆమె అప్పటికే బోటెక్కింది. "వేగాలు ఐదుకి మూడు. ఇరవై ఐదుని ఐదుతో భాగిస్తే ఐదు, పన్నెండుని మూడుతో భాగిస్తే నాలుగు. వాళ్లకి ఐదు పాళ్ల టైమ్ పడితే నాకు నాలుగే. ముందు చేరేది నేనే."

"ఇది నా ఆర్డర్ ఆశా."

"లెక్క తప్పయితే చెప్పండి, ఆగుతాను."

చీఫ్ లైన్ కట్ చేశాడు.

బోటు యజమాని వరహాలుకి ఆమె సంగతంతా చెప్పేసింది.

"తుపాకులున్నోళ్లకి అడ్డెళ్తన్నామా అమ్మా?"

"బయమేస్తంటే దిగిపో. నాను నడుపుతాను."

"నా బోటు నాను దిగడమేటి?" అంటూ వరహాలు ఇంజన్ తాడు లాగాడు.

వాళ్లు చేరేసరికి బోయా దగ్గర ఎవరూ లేరు.

"వల ఎయ్యి, అడ్డంగా."

"కొత్త వలమ్మా." ఒక్క క్షణం దాన్ని తడిమి, నీళ్లలోకి వదిలాడు.

స్పీడ్‌బోట్ దూసుకొచ్చింది. వల ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. ఆ కుదుపుకి పిస్టల్ పట్టుకున్న గార్డు సముద్రంలో పడ్డాడు. బోటు మాత్రం జారుకుంటూ బోయా పక్కకే చేరింది. డ్రోన్ తేలి, ఇనుప చెయ్యి చాచింది. నల్లకళ్లద్దాల సత్యశ్రీ ట్యూబుతో దాని మీదికి వంగింది. ఆశాజ్యోతి ఆ బోటులోకి దూకి ఆమె మణికట్టు ఒడిసిపట్టింది. ఇనుప చెయ్యి ఖాళీగా మూసుకుని నీళ్లలో మునిగిపోయింది.

"ఈ డొక్కు బోటులో నన్నెలా దాటావ్?" సత్యశ్రీ రొప్పుతూ అడిగింది.

"దాటలేదు. నీకంటే ముందే వచ్చాను."

నేవీ బోటు వచ్చి సత్యశ్రీనీ, నీళ్లలో పడ్డ గార్డునీ అరెస్టు చేశాక ఇయర్‌పీస్ మళ్లీ పలికింది. "రిపోర్టులో నిన్ను ఎవరు పంపారని రాయను?"

"మీరే పంపారని రాసుకోండి సార్. నాకేం అభ్యంతరం లేదు."