ఊపిరి ఆగితే

“ఏడుపు హెచ్చితే గాలి పెంచు. నిద్రపోతే తగ్గించు.”

మణిమాల ఒక్కో పలకా చదివి, ఆజ్ఞలు సరిగ్గా ఉన్నచోట వేలిముద్ర వేస్తోంది. ముద్ర పడగానే గోడవారనున్న ఊపిరిపెట్టెల్లో ఒకటి తెరుచుకుంటుంది. తల్లి బిడ్డను అందులో పడుకోబెడుతుంది.

ప్రోగ్రాములు రాసి బతుకుదామని ఇక్కడికెవరూ రాలేదు. అందరూ రొయ్యలు వలిచేవాళ్ళు. రేవులో గాలి చెడ్డాక పుట్టిన ప్రతి బిడ్డకీ పెట్టె ఇస్తున్నారు. ఆజ్ఞలు మాత్రం తల్లే రాయాలి. తనకు తెలియకుండా ఏదో జరిగిపోయిందని రేపు ఏ తల్లీ అనకూడదట.

“మా ఆయన తాగొస్తే ఏటి సెయ్యాలో కూడా నేర్పండి టీచరమ్మా!” అంది అప్పలనరస. అందరూ నవ్వారు. నూకరత్నం నవ్వలేదు. ఆమె పలకలో చివరి వరస ఖాళీగా ఉంది.

ఊపిరి ఆగితే:

“గాలిని పక్క పెట్టెకి వదులు, అని రాయమ్మా,” అంది మణిమాల. “ఖాళీగా ఉంటే పెట్టె తెరుచుకోదు.”

“కన్నతల్లినండి నాను. ఆ మాట నా సేత్తో రాస్తానేటి?”

“రాసీవే! మిషను కోసం రాతే కదా,” అప్పలనరస కసిరింది. “మేం రాయనేదా?”

నూకరత్నం ఒళ్ళో పసిదాని డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. నూకరత్నం ఒక్కసారి దాని మొహం చూసి, గబగబా రాసింది.

ఊపిరి ఆగితే: మళ్ళీ మొదటి వరసకి పో.

మణిమాల చదివి ఆగిపోయింది. రాతలో తప్పులేదు. తను నేర్పిన ఆజ్ఞే. కానీ ఆ పెట్టె ఇక ఎప్పటికీ పక్కకి గాలి వదలదు. బిడ్డ పోయినా పీలుస్తూనే ఉంటుంది. గాలి గొట్టం అందరికీ ఒక్కటే; ఆ మేరకు పక్క బిడ్డకి తగ్గుతుంది. చెరిపించాలి. చెరిపిస్తే ఈ తల్లి మళ్ళీ రాయదు. పసిదానికి అంత వ్యవధి లేదు.

ముద్ర వేసింది.

పెట్టెలో పడుకోబెట్టిన కాసేపటికి పసిదాని పెదవుల్లో ఎరుపు కనిపించింది.

“ఏటి రాసేవే? సూపించు,” అంది అప్పలనరస. చూసి, తన చివరి వరస కొంగుతో తుడిచేసింది. అదే మాట దిద్ది, పలక ముందుకు చాపింది. “నాకూ ఎయ్యండి, టీచరమ్మా.”

ఆమె బిడ్డకి రాబోయేది నూకరత్నం బిడ్డ పక్క పెట్టే. ఆ సంగతి మణిమాల చెప్పబోయింది. అప్పటికే వెనక వరసలో తక్కిన కొంగులు కూడా పలకల మీద తిరుగుతున్నాయి. ఎవరి బిడ్డకు కాదనాలో ఆమెకు తోచలేదు. వేలు చాపింది.