చప్పుడు మింగే గొట్టం

నార్త్ డకోటాలో, వేటగాళ్ళు దాక్కునే గుంటలో ఏజెంట్ లీరాయ్ టాండె చచ్చి పడి ఉంటే, పక్క పొలంలో మేస్తున్న అడవి బాతులు మెడలైనా ఎత్తలేదు. చుట్టుపక్కల వేటగాళ్ళెవరికీ ఏమీ వినపడలేదు. తన తుపాకి తనకే పేలిందని షెరిఫ్ చేతులు దులుపుకున్నాడు.

"తనకే పేలితే చప్పుడేదీ?" ఏజెంట్ కార్‌స్టెన్ వోల్డ్ చీఫ్ బల్లను గుద్దాడు. కాఫీ ఒలికింది.

"గొంతు తగ్గించు," అంది చీఫ్ మార్జొరీ క్విస్ట్. "అది పొడుగు గొట్టం పని. తుపాకి మూతికి ఇంకో గొట్టం బిగిస్తే చప్పుడంతా దాంట్లోనే చచ్చిపోతుంది. నార్త్ డకోటా వాడివి, నీకు తెలీదా?"

"తెలీకేం? కొట్టాల దగ్గర కాకుల్ని కొట్టడానికి మా నాన్నకీ ఉండేది. మనిషెత్తు గొట్టం. గొడ్లు బెదరవు, పొరుగువాడు తిట్టడు. లీరాయ్‌ని కాకిని కొట్టినట్టు కొట్టారు మేడమ్! మనమేమో నోరు మూసుకు కూర్చున్నాం!"

"అరిచింది చాలు. పని విను. లీరాయ్‌ని చంపించిన విదేశీ ముఠావాళ్ళ పేర్లన్నీ, అతను కాపలా కాసిన మతేయ్ తలలో ఉన్నాయి. వాళ్ళ దగ్గర్నుంచి పారిపోయి వచ్చి, అక్కడి వేటగాళ్ళ లాడ్జిలో వంటవాడిగా దాక్కున్నాడు. శనివారం ఎండెక్కాక విమానం వస్తుంది. అందాకా అతన్ని బతికించు. ముఠాలో దూరిన మన మనిషి వివియన్ సోవే నీకు తోడు. రేడియోలో నీ మారుపేరు కొంగ."

శనివారం తెల్లవారుతోంది. మొక్కజొన్న మోళ్ళ మధ్య మతేయ్ రోజూలాగే వేటకు ఎరగా ప్లాస్టిక్ బాతుల్ని నిలబెట్టి, బకెట్ బోర్లించి కూర్చున్నాడు. రోజూ చేసే పని మానేస్తే అనుమానమొస్తుంది. కార్‌స్టెన్ దూరంగా ఒక గుంటలో గడ్డి కప్పుకుని పడుకున్నాడు. పక్కనున్న బాతుబొమ్మ కడుపులో రేడియో ఉంది.

"కొంగా, నీళ్ళు గడ్డకట్టాయా?" వివియన్ గొంతు, తేనె పూసినట్టు.

"అంచులే," ముందే అనుకున్న గుర్తుమాట చెప్పాడు కార్‌స్టెన్. "నువ్వెక్కడ?"

"గడ్డిమోపుల వెనక. నేనూ బాతుల వేటకే వచ్చానుగా! పొడుగు గొట్టం తెచ్చుకున్నాను. అవతల గొడ్లున్నాయి, పాపం బెదిరిపోతాయి."

కార్‌స్టెన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఊరి పద్ధతి నేర్చేసుకున్నానని మురిసిపోతోంది మహాతల్లి! ఎగిరే బాతు వెంట ఆ గొట్టాన్ని తిప్పగల మొనగాడు ఈ కౌంటీలో పుట్టలేదు. కదలకుండా కూర్చున్న దానికే అది పనికొస్తుంది. ఈ పొలంలో కూర్చున్నవాడు మతేయ్ ఒక్కడే.

మోపుల సందులోంచి నల్లటి గొట్టం బయటికి వస్తోంది. వస్తూనే ఉంది. ఆమె కార్‌స్టెన్ తుపాకికి అందే దూరంలో లేదు. మతేయ్ చెవుల మీదికి టోపీ లాక్కుని కాఫీ తాగుతున్నాడు. ఎంత అరిచినా వినడు.

చట్టం ప్రకారం వేట మొదలెట్టే టైం ఇంకా కాలేదు. ఇక్కడ టైం కాకముందు తుపాకి పేల్చినవాణ్ణి కన్నతల్లి కూడా క్షమించదు. చుట్టూ గుంటల్లో సగం కౌంటీ గడియారాలు చూసుకుంటూ, దగ్గు కూడా ఆపుకుని పడుకుంది.

"లీరాయ్‌ని చప్పుడు లేకుండా చంపావు కదే! ఇప్పుడు విను!"

కార్‌స్టెన్ ఆకాశంలోకి పేల్చాడు. మళ్ళీ పేల్చాడు. మళ్ళీ.

బాతులన్నీ గోలపెట్టి లేచాయి. మతేయ్ ఉలిక్కిపడి కాఫీతో సహా బోర్లాపడ్డాడు. మోపుల వెనక ఎవరో తలుపు మూసినంత చప్పుడైంది. అంతదాకా అతను కూర్చున్న బకెట్ తూట్లు పడి దొర్లింది.

అన్ని గుంటల్లోంచీ మనుషులు లేచారు.

"ఎవడ్రా ఆ దరిద్రుడు! నీ చేతులు విరగ!"

"అదుగో, పరిగెడుతోంది! పట్టుకోండి!"

పేల్చింది పారిపోతున్న మనిషే అనుకున్నారు వాళ్ళు. వివియన్ ముళ్ళకంచె దూరబోయింది. భుజాన ఉన్న పొడుగు గొట్టం తీగల్లో అడ్డంపడి ఇరుక్కుంది. నలుగురు రైతులు ఆమెను బురదలోకి లాగేశారు.

"కార్‌స్టెన్! నేను మీ మనిషినేనని వీళ్ళకు చెప్పు!"

"లీరాయ్‌కీ ఇదే చెప్పావా?" అన్నాడతను.

వేట నియమాలు చూసే వార్డెన్ షాట్జ్ పికప్‌లో బురద చిమ్ముకుంటూ వచ్చాడు. కథంతా విన్నాడు. గొట్టం కొలిచి చూశాడు. బకెట్ తూట్లలో వేలు పెట్టి చూశాడు. వివియన్‌కి బేడీలు వేసి, కార్‌స్టెన్ వైపు తిరిగాడు.

"హత్య సంగతి షెరిఫ్ చూసుకుంటాడు గానీ, ముందు నువ్వు చెప్పవయ్యా. టైం కాకముందు ఎందుకు పేల్చావు?"