మూడు డిస్కుల లెక్క

చీఫ్ తన గదిలోకి వచ్చినవాళ్ళని ఎప్పుడూ కూర్చోమనడు. ఆ రోజు ఉదయం కూర్చోమన్నాడు. చెడ్డ కబురేనని ఏజెంట్ కత్తెరకు అప్పుడే అర్థమైంది.

"పిచ్చుక సంగతి అవతలివాళ్ళకి తెలిసిపోయింది. పన్నెండున్నరకి పాత వంతెన మీదికి వెళ్తాడు. అక్కడ కాపు కాసి ఉన్నారు."

పిచ్చుక సరిహద్దు అవతల మూడేళ్ళుగా గడియారాలు బాగుచేస్తూ బతుకుతున్న గూఢచారి. కత్తెరకు సొంత తమ్ముడు. ఆ రెండో సంగతి చీఫ్‌కి తప్ప ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"ఫోన్ చేసి చెప్పండి సార్."

"ఫోన్ పారేశాడు. పన్నెండింటికి ఏదో లైబ్రరీలో కూర్చుని మన సర్వర్‌లో ఒక్క పేజీ చూస్తాడు. కొత్త దారి అందులో రాయాలి. పొద్దుట్నుంచీ రాస్తుంటే స్పేస్ లేదంటోంది. ఎవడో చెత్తంతా నింపి తాళం వేశాడు."

ఆ సర్వర్ ఒక పార్సెల్ కంపెనీ ముసుగులో, నాలుగో అంతస్తులో ఉంది. థిన్ ప్రొవిజనింగ్ పద్ధతి. అరవై టెరాబైట్ల (టీబీ) జాగా ఇస్తానని అందరికీ మాటిస్తుంది, లోపల నిజంగా పట్టేది పదహారే. ఎవరు రాస్తే వాళ్ళకి అప్పటికప్పుడు జాగా తీసిస్తుంది. మాటలతో కడుపు నింపే మేనమామలాగా, అందరూ ఒకేసారి అడగనంతకాలం దాని పరువు నిలుస్తుంది.

"మనం కొనమని ఇండెంట్ పెట్టిన ఎనిమిది టీబీ డిస్కు నిన్ననే వచ్చింది. తీసుకెళ్ళి తగిలించు. ఆ బిల్డింగ్ మీద వాళ్ళ కన్నుంది, ఏసీ మెకానిక్‌లా వెళ్ళు. కోడ్?"

"చల్లదనం సరిపోవట్లేదట."

"జవాబు?"

"దుప్పటి కప్పుకోమనండి."

పదకొండూ ఇరవైకి, ఖాకీ చొక్కా, అతికించిన మీసం, చేతిలో టిఫిన్ క్యారియర్. గేటు దగ్గర గార్డు పై గిన్నె మూత తీసి వాసన చూసి పంపేశాడు. అడుగు గిన్నె కింద దొంగ అర, అందులో డిస్కు. జేబులో స్క్రూడ్రైవర్, దాని పిడిలో ఒక్క తూటా.

సర్వర్ గదిలో ఉన్నది డిస్కుల అక్క. ఇరవయ్యేళ్ళుగా ఆ చలిలో పనిచేస్తూ రెండు స్వెటర్లు వేసుకునే స్టోరేజ్ ఇంజనీర్. దుప్పటి మాట చెప్పి, డిస్కు అందుకుని, క్యారియర్‌లోకి తొంగి చూసింది.

"మిగతా రెండూ ఏవి నాయనా?"

"మిగతావేంటి అక్కా? ఎనిమిది టీబీ అడిగారు, తెచ్చాను."

"నేనడిగింది మూడు డిస్కులు. ఈ సర్వర్‌ది పారిటీ పద్ధతి. ఏది రాసినా రెండు ముక్కలు చేసి రెండు డిస్కుల మీద పెడుతుంది, మూడో దాని మీద వాటి లెక్క రాసుకుంటుంది. ఒకటి చచ్చినా మిగతా రెండింటితో కూడదీసుకుంటుంది. మూడింటి మీదా జాగా ఉంటేనే రాస్తుంది. పాత మూడూ నిండిపోయాయి. ముక్కాలిపీటకి ఒక్క కాలు తెచ్చి కూర్చోమంటే ఎట్లా?"

"అయినా పెట్టి చూద్దాం."

పెట్టారు. ఎనిమిది టీబీ ఖాళీ అని స్క్రీన్ దర్జాగా చూపించింది. దారి రాయబోతే స్పేస్ లేదంది.

రెండు నెలల కిందటి ఇండెంట్ కత్తెర కళ్ళముందు నిలిచింది. అక్క రాసిన 'మూడు'ని ఏజెన్సీ ఖర్చులు చూసే ఆడిటర్ ఎర్రసిరాతో కొట్టేసి 'ఒకటి, ఎనిమిది టీబీ, చాలు' అని రాసింది. ఎనిమిదంటే ఎనిమిదే కదా, అక్కది చాదస్తం అనుకున్నాడు. అక్కని ఒక్క మాట అడగలేదు.

"దాని మీద సంతకం నాదే అక్కా."

"తెలుసు. చేతులు కాలాక ఆకులెందుకులే."

తలుపు తెరుచుకుంది. సెంటు వాసన ముందొచ్చింది, వెనకాలే ఆడిటర్. బూడిదరంగు కోటు, నల్లకళ్ళద్దాలు. ఏజెన్సీ జీతం తీసుకుంటూ అవతలివాళ్ళకి పనిచేసే మనిషి.

"మీసం బాలేదు. చెత్తకి నేను వేసిన తాళం రేపటిదాకా ఊడదు. డిస్కులు కొనుక్కొచ్చేలోపు పన్నెండు దాటుతుంది. నువ్వు తీసెయ్యగలిగింది ఒక్కటే ఉంది. దాని తాళం నీ దగ్గరే ఉంది."

ఆ ఒక్కటీ, ఆమె మీద ఎనిమిది నెలలు నిఘా పెట్టి కత్తెర తీసి, విచారణ కోసం సీలేసి దాచిన రికార్డింగులు. ఆమె అమ్మేసిన నలుగురు ఏజెంట్ల చావుకి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం. అతను స్క్రూడ్రైవర్ బయటికి తీశాడు.

"నన్ను కాలిస్తే స్పేస్ వస్తుందా?" అందామె.

"కొత్త డిస్కుని విడిగా పెట్టి రికార్డింగుల్ని దాంట్లోకి కాపీ చేద్దామా అక్కా?"

"నలభై నిమిషాలు పడుతుంది. ఒకే మూటగా కట్టి సీలేసిన వాల్యూమ్, కొంచెం కొంచెం తియ్యడానికీ లేదు. ఉంటే అంతా, పోతే అంతా."

పదకొండూ యాభై ఏడు. కత్తెరకు భయం వేసింది, సిగ్గు అంతకన్నా ఎక్కువ వేసింది. ఆ నలుగురిలో ఇద్దరికి తనే ట్రైనింగ్ ఇచ్చాడు. వాళ్ళకీ అన్నదమ్ములున్నారు. అయినా చెయ్యి తమ్ముడి వైపే వెళ్ళింది. పాస్‌వర్డ్ కొట్టి, వాల్యూమ్ డిలీట్ చేశాడు.

అక్క వేళ్ళు పరిగెత్తాయి. 'వంతెన వద్దు. పడవల రేవు.' సేవ్ అయ్యేసరికి పన్నెండుకి ఇంకా తొమ్మిది సెకన్లున్నాయి. పన్నెండింటికి పేజీని ఎవరో తెరిచి చదివినట్టు స్క్రీన్ చూపించింది.

"వస్తాను మరి," అని ఆడిటర్ హ్యాండ్‌బ్యాగ్ సర్దుకుంది.

ఆపడానికి ఏమీ మిగల్లేదు. ఆమె అన్న మాటలు ఇద్దరం విన్నామని చెబితే, ఒక్క డిస్కుకి ఒప్పుకుని సంతకం పెట్టిందెవరని ముందు కత్తెరనే అడుగుతారు. లిఫ్ట్ కిందికి దిగిన చప్పుడు వింటూ ఇద్దరూ నిలబడిపోయారు.

వారం గడిచినా పిచ్చుక దగ్గర్నుంచి కబురు లేదు. దొరికాడన్న కబురూ లేదు. కత్తెర కొత్త ఇండెంట్ రాశాడు. 'డిస్కులు మూడు. మూడుకి తగ్గితే ఒక్కటీ పనికిరాదు.' అక్క చేత రెండుసార్లు చదివించి, రూలు ప్రకారం ఆడిట్‌కి పంపాడు.

నాలుగో రోజుకి తిరిగొచ్చింది. అడుగున ఎర్రసిరా.

'మంజూరు. మొదటిసారే ఇంత గట్టిగా అడగాల్సింది.'