కాళ్ళు లేని మంచం

ఉషారాణి గుమ్మంలోనే ఆగి, వెనక్కి తిరిగి సందంతా చూసింది. ఖమ్మం మిర్చి యార్డు వెనక ఆ పొద్దుటి సందులో నిమ్మసోడా బండి తప్ప ఏమీ లేదు. అయినా లోపలికి వచ్చి తలుపు తనే మూసింది.

డిటెక్టివ్ పగిడయ్య ఆమెకు కుర్చీ చూపించి, "ప్రమీలా, ముందు మంచినీళ్ళు" అన్నాడు.

ప్రమీల ఆయన సహాయకురాలు. అంతకుముందు ఎనిమిదేళ్ళు సారపాకలో, కాగితం మిల్లుకొచ్చే వెదురు లారీల దగ్గర పనిచేసింది. సార్ ఏది చూసినా అందులో తను చూడనిది ఒకటి ఉంటుందని ఆమె నమ్మకం.

ఉషారాణి సంచిలోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టింది. ప్రమీల చేతిలో గ్లాసు తొణికింది. జానెడు పొడవున్న పాడె. రెండు వెదురు కర్రలు, అడ్డంగా బద్దలు, మీద తెల్లగుడ్డ, రెండు బంతిపూలు. దానికి గుచ్చిన కాగితం మీద ఇలా ఉంది: "బండిని గోదాట్లో కలుపు. లేదంటే దీని మీద నీ బిడ్డ."

"ఏ బండి?" అన్నాడు పగిడయ్య.

"ఆడుకునే వెదురు బండి సార్. నెట్ల కొన్న."

ఆమె సారపాకలో టీచరు. పిల్లలకు పాతకాలపు బొమ్మలు చూపించాలని మనసు పడింది. తిరుపతి నడిపే నెట్ సెంటర్‌లో కూర్చుని, ఏది పాతదో ఏది కొత్తదో పోల్చుకోవడం ఏడాదిగా నేర్చుకుంటోంది. ఒక వేలం సైటులో 'వందేళ్ళ నాటి అడవి బొమ్మ' కనిపిస్తే డీడీ తీసి పంపింది. అమ్మినవాడి చిరునామా కలకత్తా.

"ఇంట్లకు తెచ్చిన కాడినుంచి రోజూ పొద్దున బండి కింద పసుపు రాలినట్టు పొడి రాలుతుంది సార్. తుడుస్తే మళ్ళా తెల్లారి గంతే. మా ఆయన పారెయ్ అన్నడు. నేనేమో పాత బొమ్మలోళ్ళ గ్రూపుల రాసిన, ఎందుకు రాలుతుందని. హైదరాబాద్ ఆయన ఒకరు ఆదివారం వచ్చి చూస్తనన్నడు. రెండ్రోజులకు ఇది గుమ్మం ముందల ఉంది."

"గ్రూపులో మీ ఇల్లెక్కడో రాశారా?"

"ఊరి పేరు గూడ రాయలె. నాకు టైపు సక్కగ రాదని తిరుపతన్ననే కొట్టిండు." ఆమె గ్లాసు పక్కకు జరిపింది. "సోనికి ఏడేండ్లు సార్. బడికి పంపుతలేను. బాత్రూమ్‌కి పోయినా ఎనకే పోతున్న."

సారపాకలో ఆమె ఇంటి గేటు దగ్గర భర్త బలరాం దుడ్డుకర్ర పట్టుకుని కూర్చున్నాడు. మూడు రోజులుగా మిల్లుకు పోలేదట.

"బొమ్మలు కొను, ఇంకా కొను" అన్నాడు భార్యను చూసి. అని, ఆమె చేతిలో సంచి అందుకున్నాడు.

పగిడయ్య బండిని, పాడెను పక్కపక్కన పెట్టాడు. బండి కింద లేతపసుపు పొడి చిన్న కుప్పగా ఉంది. ప్రమీల దాన్ని వేలితో నలిపింది.

"ఇది పురుగు తొలిచిన పిండి సార్. మిల్లు వెదురు యార్డుల రోజూ చూసేదాన్ని. కొత్తగ నరికిన వెదురుకే పురుగు పడుతది. వందేండ్లు ఎండిన కర్రల దానికి తినేదేముంటది?"

పగిడయ్య తలూపాడు. బండి చక్రానికి కట్టిన నార ముడిని, పాడె బద్దలకు కట్టిన ముడిని చూపించాడు. రెండూ మామూలుగా తిరిగే వైపు కాక ఎదురువైపు తిరిగాయి. ఆ తర్వాత పాడె అంచుల మీద వేలు పెట్టి నెమ్మదిగా రాశాడు. ఒక్క పేడు కూడా గుచ్చుకోలేదు.

"రేపటి సంతకు వెళ్ళు ప్రమీలా. బుట్టల ముడులు చూడు."

ఆదివారం మధ్యాహ్నం, హైదరాబాద్ ఆయన వచ్చేలోగా, పగిడయ్య బలరాంనూ తిరుపతినీ ఆ ఇంట్లోనే కూర్చోబెట్టాడు. సోని తల్లి కొంగు వదలలేదు.

"బండి మీద ఆశ ఉన్నవాడు బండి ఇమ్మంటాడు" అని మొదలుపెట్టాడు పగిడయ్య. "వీడు గోదావరిలో కలపమన్నాడు. అంటే బండి ఎవరి కంటా పడకూడదు. ఎందుకంటే అది మొన్న చేసి, పొగబెట్టి పాతదిగా అమ్మింది. బండినీ పాడెనూ కట్టింది ఒకే ఎడమచెయ్యి. వందేళ్ళ కిందటి చెయ్యి మొన్న పాడె కట్టదు కదా! హైదరాబాద్ ఆయన చూస్తే మోసం బయటపడుతుంది. ఆ సంగతి రెండు రోజుల్లో తెలిసి, ఈ గుమ్మం దాకా రాగలిగినవాళ్ళు ఇద్దరే. బలరాం పారెయ్యాలనుకుంటే బండి ఇంట్లోనే ఉంది, ఎవరినీ బెదిరించక్కర్లేదు. ఇక మిగిలింది గ్రూపులో ఆ సంగతి టైపు చేసిన మనిషి. కలకత్తా చిరునామా వెనక ఉన్నదీ అతనే."

తిరుపతి నవ్వబోయాడు. "నా రెండు చేతులు చూడున్రి. బద్ద చీల్చిన చేతులా ఇవి?"

"కావు. అది చేసినవాడు వేరు. పిల్లకు చెడు కోరేవాడు పేడు గుచ్చుకోకుండా అంచులు గీకడు. ఎవరో పాప ఆడుకుంటుందని నమ్మి చేశాడు."

ఆయన కనుసైగ చూసి ప్రమీల పాడె మీది తెల్లగుడ్డ తీసింది, పూలు తీసింది, కాగితం మడిచి దాచింది. అప్పుడు అరుగు మీద కూర్చున్న గోపాలును లోపలికి పిలిచింది. దమ్మపేట వైపు అడవి పల్లె నుంచి సంతకు బుట్టలు తెచ్చి అమ్ముకునే ముసలాయన; ఆయన బుట్టల మీదే ఆమెకు ఆ ఎదురు ముడులు కనిపించాయి.

లోపలికి రాగానే తిరుపతిని చూసి గోపాలు ముఖం విప్పారింది. "సారూ, మీరు గీడనే ఉన్నరా! జల్దీ కావాలంటే ఒక్క పూటల చేసిచ్చిన. మంచం నచ్చిందా పాపకు?"

తిరుపతి తల దించుకున్నాడు. "భయపెడదామనే... పాపను ఏం చెయ్యకపోదును" అని గొణిగాడు. బలరాం కర్ర లేపాడు. పగిడయ్య ఆ చెయ్యి పట్టుకుని, తిరుపతిని తనే బయటికి నడిపించాడు. వాకిట్లో హెడ్ కానిస్టేబుల్ ఎదురుచూస్తున్నాడు.

గోపాలుకు ఇదేమీ అర్థం కాలేదు. బల్ల మీది వస్తువునే చూస్తున్నాడు.

"కాళ్ళు వద్దన్నడు సారు. నాకేమో మనసొప్పలె. కాళ్ళు లేకుంటే మంచమెట్లయితది?"

ఆయన నడుముకున్న కత్తి తీసి, సంచిలోని వెదురు ముక్క నాలుగు తుంటలుగా కోశాడు. ఒక్కొక్కటీ గీకి, వేలితో తడిమి చూసి, ఎడమచేత్తో ముడేసి కట్టాడు. సోని కొంగు వదిలి రెండడుగులు ముందుకు వేసింది. ఉషారాణి చెయ్యి చప్పున అడ్డం వెళ్ళి, గాలిలోనే ఆగి, మెల్లగా దిగింది.

మంచం నాలుగు కాళ్ళ మీద నిలబడింది. కొంచెం ఊగితే గోపాలు ఒక కాలు మళ్ళీ గీకాడు.