ఉబ్బిన డబ్బాల కేసు

"నా కోడలు నన్ను చంపాలని చూస్తోంది బాబూ!"

ఆ మాటంటూ లోపలికొచ్చిన పెద్దాయన వెంటనే కూర్చోలేదు. కుర్చీ చేతిని వేలి కణుపుతో టక్కున కొట్టి, చెవి ఒగ్గి విని, అప్పుడు కూలబడ్డాడు. అందరూ 'నీడ' అని పిలిచే అసిస్టెంటుకు నవ్వొచ్చింది. అతని గురువు, 'భూతద్దం' అని పేరుపడ్డ ప్రైవేటు డిటెక్టివ్ మాత్రం నవ్వలేదు.

"మొదట్నుంచీ చెప్పండి."

పెద్దాయనది రైల్వే ఉద్యోగం. బండి ఆగగానే చక్రాలను సుత్తితో కొట్టి, మోతను బట్టి పగుళ్లు పసిగట్టేవాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. కొడుకు బడిపంతులు, కోడలు నర్సు. వాళ్లు డ్యూటీలకు వెళ్లాక, ఆయన రేకు డబ్బాల్లో వచ్చే బఠానీలో చేపలో వేడిచేసుకుని తింటాడు.

"నిన్న ఒకటి తెరవబోతే బుస్సుమని నురగ చిమ్మింది! చూద్దును గదా, ఇంకొన్ని పొట్టలుబ్బి కూర్చున్నాయి. సామాన్ల గది తాళంచెవులు నా దగ్గరా, కోడలి దగ్గరా తప్ప ఇంకెవరి దగ్గరా లేవు. దాని సంచీ నిండా సూదులే! గుచ్చి ఏదో ఎక్కించింది."

"తిన్నారా?"

"నేనేమన్నా వెర్రివాణ్ణా? పారేశాను. సాయంత్రంలోగా దాన్ని పుట్టింటికి పంపకపోతే నేనే గడప దాటతానని మావాడితో చెప్పేశాను."

డిటెక్టివ్ లేచి చొక్కా సర్దుకున్నాడు. ఒక కాపురం నిలవడానికి సాయంత్రం వరకే గడువుంది.

వాళ్లు వెళ్లేసరికి కోడలు యూనిఫాంలోనే, సర్దిన బ్యాగు పక్కన పెట్టుకుని హాల్లో కూర్చునుంది. భర్త అడకత్తెరలో పోకచెక్కలా తండ్రికీ భార్యకీ మధ్య నిలబడ్డాడు.

"సామాన్ల గదిలో నీకేం పనమ్మా?" డిటెక్టివ్ అడిగాడు.

"కొత్త డబ్బాలు తెస్తే వెనక పెట్టి, పాతవి ముందుకు జరుపుతానండీ. పాతవే ముందు వాడాలిగా. అంతే. మిగతాదంతా మామయ్య రాజ్యం."

"ఆయనంటే కోపమా?"

"ఉప్పు తగ్గించానని ఆయనకే నా మీద కోపం."

"చప్పిడి తిండితో సగం ఎప్పుడో చంపేసింది!" అని పెద్దాయన గొణిగాడు.

ఎండకో చెమ్మకో డబ్బాలు పాడైవుంటాయని నీడ అనుమానం. కానీ సామాన్ల గదిలోకి ఎండ రాదు, పొయ్యి సెగ తగలదు. గోడ మీద అరచెయ్యి వేస్తే పొడిగా, చల్లగా ఉంది. లోతైన అర మీద పేర్చిన డబ్బాల్లో ఒక్కదానికీ తుప్పు లేదు. ఉబ్బినవన్నీ ముందు వరుసలోవే. డిటెక్టివ్ చేతికి ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. సూది రంధ్రం ఎక్కడా లేదు. మూత అంచున మాత్రం గోరంత సొట్ట, ప్రతిదానికీ. కిటికీ గట్టు మీద చిన్న సుత్తి కనబడింది. మేకులు కొట్టడానికేమోనని నీడ పట్టించుకోలేదు.

డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు.

"పెద్దాయనా, పొద్దున్నే ఆ గదిలో ఏం చేస్తారు?"

"పరీక్ష! వేల చక్రాలు విన్న చెవి ఇది. మంచి డబ్బా ఖంగుమంటుంది, చెడ్డది బద్దుమంటుంది. రోజూ కొట్టి చూస్తాను."

"ఎక్కడ కొడతారు?"

"అంచు మీద. చక్రానికైనా అంచే కదా..."

"ఉక్కు చక్రం మీ సుత్తికి ఓర్చుకుంటుంది. రేకు డబ్బా ఓర్చుకోదు," అన్నాడు డిటెక్టివ్. "మూతా గోడా కలిసే అతుకు ఆ అంచులోనే ఉంది. రోజూ దెబ్బ పడితే అతుకు సడలుతుంది. కంటికి కనబడని సందులోంచి క్రిములు దూరి, లోపల సరుకు కుళ్లి, డబ్బా ఉబ్బుతుంది. వెనక వరుస మీ చేతికి అందలేదు కాబట్టి క్షేమంగా ఉంది. మీ కోడలు కొత్తవి వెనక పెట్టడం వల్ల అవైనా మిగిలాయి. ఆవిడ విషం పెట్టలేదు. కాపలా కాస్తూ డబ్బాలు పాడుచేసింది మీరే."

నీడ గురువు వైపు కళ్లార్పకుండా చూశాడు. సుత్తి తన కళ్లకూ కనబడింది మరి!

"అంటే... బాగున్నవి తినొచ్చాండీ?" కొడుకు నెమ్మదిగా అడిగాడు.

"నిక్షేపంగా ఉన్నవి తినండి. ఉబ్బినవి, కారేవి, అంచు సొట్టపడ్డవి రుచి కూడా చూడొద్దు. వాసన బాగుందని మోసపోవద్దు. తెరవకుండా సంచీలో కట్టి, ఎవరూ ముట్టకుండా పారేయండి."

పెద్దాయన తలెత్తలేదు. "ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని దానితో మాట్లాడను?"

"ఉన్న మొహమే పెట్టుకుని మాట్లాడండి మామయ్యా," అంది కోడలు. పెదవి మీద నవ్వుంది. "అనుమానం వస్తే ముందు నన్నడగొచ్చుగా!"

ఆయన లేచాడు. కొడుకు అందుకోబోతే తోసేసి, కోడలి బ్యాగు తనే మోసుకుంటూ వాళ్ల గదిలోకి నడిచాడు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రాత్రికి నేనే వండుతానమ్మా. ఏం తింటావు?"

"డబ్బాలోది కాకుండా ఏదైనా!"