రంబొడ ఎత్తు ఎక్కని వ్యాను

"మీ ఇంజన్ పెళ్లి చెడగొట్టింది!"

గంపొల ఊళ్లో మెకానిక్ గుణదాస బాస్ గ్యారేజీ తలుపు ఇంకా సగమే తెరిచారు. వ్యాను దిగుతూనే తివంక అన్న మొదటి మాట అది.

ఒషాది టీ గ్లాసు పక్కన పెట్టింది. ఆమె గుణదాసకు ఒక్కగానొక్క కూతురు. నాలుగేళ్లుగా ఈ గ్యారేజీలో వైరింగు పనంతా ఆమె చేతి మీదుగానే నడుస్తోంది.

"పెళ్లిళ్లు చెడగొట్టేది మనుషులండీ, ఇంజన్లు కాదు. ఏమైందో నిదానంగా చెప్పండి."

"నిదానంగానా? నిన్న మీ ఇంజన్ కూడా అదే మాట అంది!"

తివంకది పెళ్లిళ్లలో డోళ్లు వాయించే బృందం. పాత ఇంజన్ చచ్చిపోతే, పది రోజుల కిందటే ఈ గ్యారేజీలో జపాన్ నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ ఇంజన్ ఎక్కించుకున్నాడు. నిన్న కొండ మీది నువర ఎలియలో పెళ్లి. దారిలో రంబొడ ఎత్తు మీదికి వచ్చేసరికి వ్యాను దడదడమని వణికి, పసుపు రంగు హెచ్చరిక లైటు వెలిగించి, నడకకన్నా నెమ్మదిగా పాకింది. వీళ్లు చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. డోళ్ల చప్పుడు లేకుండానే వధూవరులు పోరువ అనే పెళ్లి వేదిక ఎక్కారు.

ఒషాది స్టార్ట్ చేసి చూసింది. ఇంజన్ పిల్లి గురకపెట్టినంత మెత్తగా ఆడింది.

"బంగారంలా ఉంది. ఎత్తులో మీరు మూడో గేరులోనే లాగించి ఉంటారు."

"నేను ఆ రోడ్డు మీద తొమ్మిదేళ్లుగా తిరుగుతున్నానండీ చిన్న బాస్!"

"తొమ్మిదేళ్లూ మూడో గేరులోనేనా?"

లోపలి నుంచి గుణదాస దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికి ఆయన అలా దగ్గుతాడని ఒషాదికి తెలుసు. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బాబూ, ఇంజన్ దించేసి ఇంకోటి చూస్తాను. వారం పడుతుంది," అన్నాడు.

"గురువారం ఇంకో పెళ్లి ఉంది బాసుగారూ. అదీ నువర ఎలియలోనే. ఈసారీ ఆలస్యమైతే మమ్మల్ని ఎవరూ పిలవరు."

"దించక్కర్లేదు నాన్నా. ఇంజన్ మంచిదే," అంది ఒషాది. "బుధవారానికల్లా బాగు చేసిస్తాను. పూచీ నాది."

స్కానర్ తగిలిస్తే వాల్వ్ టైమింగ్ తప్పుతోందని చూపించింది. తివంక ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

"అంటే ఏంటండీ?"

"ఇంజన్ వేగాన్ని బట్టి వాల్వులు కాస్త ముందో వెనకో తెరుచుకోవాలి. దాన్ని ఆయిల్ ఒత్తిడి జరుపుతుంది. ఆ ఆయిల్‌ని వదిలేవి ఈ రెండు సోలినాయిడ్లు. ఒకటి గాలి పీల్చే వైపు, ఇంకోటి పొగ వదిలే వైపు."

"నాట్యం వేగం పెరిగితే మేం దరువు ముందుకు జరుపుతామే, అలాగన్నమాట."

ఒషాది తల తిప్పి చూసింది. ఇంత తొందరగా అర్థం చేసుకున్న కస్టమర్ ఆమెకు ఇంతవరకూ తగల్లేదు. అతని చూపు స్కానర్ మీద లేదని కూడా అప్పుడే గమనించింది.

ఆ రోజంతా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయింది. ఆయిల్ మార్చింది. ఆయిల్ దారిలోని సన్నటి జల్లెడలు విప్పి కడిగింది. సోలినాయిడ్లకు బ్యాటరీ తగిలిస్తే రెండూ టక్కు టక్కుమన్నాయి. పై మూత తీసి చైను గుర్తులు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే ఇంజన్ మళ్లీ మెత్తగా ఆడింది.

"ఇక్కడ నిలబెట్టి చూస్తే లాభం లేదు. రేపు ఎత్తు ఎక్కిద్దాం," అంది. "మీరు నడపండి, నేను చూస్తాను."

"నన్నా, స్కానర్‌నా?"

"గేర్లని!"

మంగళవారం వాన దంచికొట్టింది. పుస్సెల్లావ దాటాక మలుపులు మొదలయ్యాయి. తివంక ప్రతి మలుపు దగ్గరా "రెండో గేరు, చూసుకోండి" అని పైకి చెప్పి మరీ మారుస్తున్నాడు. ఒషాది నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. అద్దం నిండా నీళ్లు, తేయాకు పచ్చదనం తప్ప ఏమీ కనిపించలేదు.

రంబొడ ఎత్తు మొదలవగానే వ్యాను వణికింది. పసుపు లైటు వెలిగింది.

"చూశారా? నా తప్పేమైనా ఉందా?"

ఒషాది స్కానర్ మీదికి వంగింది. ఒళ్లో ఉన్న స్కానర్‌లో అంకెలు కదులుతున్నాయి. కంప్యూటర్ గాలి పీల్చే వైపు జరగమంటే అది జరగడం లేదు. రెండో వైపు జరుగుతోంది. మళ్లీ చూసింది. మళ్లీ అంతే.

ఒక వైపు సోలినాయిడ్‌కి తగిలించాల్సిన వైరు ప్లగ్గు ఇంకో వైపు పెట్టారు. రెండూ ఒకే ఆకారం, ఒకే రంగు.

ఆ ప్లగ్గులు పెట్టింది తనే. నిన్న పొద్దున ఇంజన్ మంచిదని బల్లగుద్ది చెప్పిందీ తనే. జల్లెడలు కడిగాక కూడా, ఎలా ఉన్నవాటిని అలాగే తగిలించింది.

"పక్కన ఆపండి," అంది.

రోడ్డు పక్క టీ కొట్టు ముందు ఆగారు. బానెట్ చాటున ఒక్క నిమిషం పని. ఏదో మట్టి అడ్డుపడిందని చెబితే నమ్ముతాడు. నాన్నకూ తెలియదు. ఒషాది ఆ నిమిషం గురించి నిజంగానే ఆలోచించింది. తర్వాత అతని వైపు తిరిగింది.

"రెండు ప్లగ్గులు తారుమారయ్యాయి. తప్పు నాది. నా చేతులతో నేనే పెట్టాను. మీ డ్రైవింగు బాగానే ఉంది."

తివంక వైపర్లు ఆపేశాడు.

"ఆదివారం మా గురువుగారు పెళ్లికూతురి తండ్రి ముందు తల వంచుకుని నిలబడ్డారండీ. డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు నేను."

"గురువారం నేను వస్తాను. ఆయనకు నేనే చెబుతాను."

"అక్కర్లేదు లెండి."

"మీకు అక్కర్లేదేమో. నాకుంది."

ఆమె దిగి బానెట్ ఎత్తింది. క్షణంలో తల మీద వాన ఆగింది. చూస్తే తివంక గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగంతా ఆమె మీదే, వానంతా అతని మీదే.

"ఇంజన్‌కి పట్టండి, నాకెందుకు?"

"ఇంజన్‌కి జలుబు చెయ్యదు కదా." గొడుగు సర్ది, "డ్రైవింగు సంగతి ఏదో అన్నారు. వానలో సరిగ్గా వినపడలేదు," అన్నాడు.

"బాగుందన్నాను!"

"ఇంకొంచెం గట్టిగా."

"బాగుంది!" అని ఆమె అరిస్తే కొట్టులో చేప బన్నులు సర్దుతున్న ముసలమ్మ ఉలిక్కిపడి, తన బన్నుల గురించే అనుకుని సంతోషించింది.

ఆ తర్వాత వ్యాను రంబొడ ఎత్తును ఒక్క ఊపున ఎక్కేసింది.

ఇంటికి రాగానే ఒషాది నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పింది. గుణదాస చాలాసేపు స్పానర్లు సర్దాడు.

"నేనూ ఇలాంటివి రెండు చేశానమ్మా. ఏ కస్టమరుకూ చెప్పలేదు," అన్నాడు చివరికి. "ఇక నుంచి ఇంజన్ ఎక్కించాక ఆఖరి చూపు నీదే. నేను బిగించినా సరే."

బుధవారం తివంక టైర్లలో గాలి చూపించుకోవడానికి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి గుణదాస గేజు పెట్టకుండానే, "గాలి ఉంది బాబూ. లోపలికెళ్లి టీ తాగు, అమ్మాయి పెడుతోంది," అన్నాడు.

గురువారం ముహూర్తానికి గంట ముందే వ్యాను నువర ఎలియ చేరింది. పెళ్లింటి వెనక గురువు సుమనపాల ఎర్ర నడికట్టు బిగించుకుంటున్నాడు. ఒషాది నేరుగా వెళ్లి కాళ్లకు మొక్కింది.

"గురువుగారూ, ఆదివారం మీకు జరిగిన అవమానానికి కారణం నేను. ప్లగ్గులు తప్పు పెట్టాను. ఆ పెళ్లివాళ్లకు కూడా ఫోన్ చేసి చెప్పాను."

ముసలాయన ఆమెను తేరిపార చూశాడు.

"ఓహో! నిన్న పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేసి, మాట తొందరపడ్డానని అన్నాడు. ఆయనకు హఠాత్తుగా జ్ఞానం ఎక్కడిదా అనుకున్నాను." డోలు మెడలో వేసుకుంటూ అడిగాడు. "సరే అమ్మాయ్, ఈ కబురు నాకూ ఫోన్లో చెప్పొచ్చుగా. వ్యాను బాగానే ఎక్కిందిగా. ఇంత దూరం ఎందుకొచ్చావు?"

పక్కనే తివంక తలపాగా సర్దుకుంటూ, "వ్యాను మళ్లీ మొరాయిస్తుందేమోనని, ముందు జాగ్రత్తకి..." అని గొణిగాడు.

"వ్యాను మొరాయించదు," అంది ఒషాది. "నేను పెట్టిన ప్లగ్గులవి. వ్యాను కోసం రాలేదు గురువుగారూ, ఇతని కోసం వచ్చాను."

తివంక చేతిలోంచి తలపాగా జారింది. ఒషాది దాన్ని తీసి, దుమ్ము దులిపి, అతని తల మీద తిన్నగా పెట్టింది.

"వెళ్లు, ముహూర్తం అవుతోంది," అంది. మొదటిసారి 'వెళ్లండి' అనలేదన్న సంగతి ఇద్దరికీ తెలిసింది.

శంఖం మోగింది. వధూవరులు వేదిక ఎక్కారు. పెళ్లిళ్లలో ఇన్నేళ్లుగా ఒక్క దెబ్బ కూడా తప్పని తివంక, ఎదురుగా నిలబడ్డ ఒషాదిని చూసి రెండో వరసలోనే దరువు తప్పాడు. సుమనపాల గురువు గుడ్లురిమి చూశాడు. ఆ వెంటనే తనే ఆ తప్పిన దెబ్బను అందుకుని, ఎవరికీ తెలియకుండా ముందుకు నడిపించాడు.